యుద్ధవిమానాల గేముల్లో రాడార్: దూరం సరే, అనుమానం ఏది?

నేవీ డే విన్యాసాలు విశాఖలో జరిగిన ఏడాదల్లా ఆర్‌కే బీచ్ జనంతో నిండిపోతుంది. మిగ్-29కే మోత గుండెల్లో మోగుతుండగా ఇంటికెళ్లి డీసీఎస్ వరల్డో వార్ థండరో తెరిచే కుర్రాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. కొన్నాళ్లు ఆడాక దాదాపు అందరికీ ఒకే సందేహం వస్తుంది. ఈ రాడార్ నిజంగా ఇలాగే పనిచేస్తుందా? శత్రువు రాడార్ మన మీద పడగానే కాక్‌పిట్‌లో బీప్‌మని హెచ్చరించే ఆ చిన్న గుండ్రటి తెర, అంటే రాడార్ వార్నింగ్ రిసీవర్ (ఆర్‌డబ్ల్యూఆర్), పైలట్లకూ ఇంత కచ్చితంగా చెబుతుందా?

నా సమాధానం ఇది. దూరాల లెక్కలో మంచి సిమ్యులేటర్లు నిజానికి బాగానే దగ్గరకొచ్చాయి. వాటిలో లోటల్లా సందేహానికే. నిజమైన రాడార్ తెర మీద కనిపించేది ఒక అంచనా. ఆర్‌డబ్ల్యూఆర్ చెప్పేది అంతకంటే బలహీనమైన అంచనా. చాలా గేములు ఈ రెండింటినీ తేల్చి చెప్పిన నిజాలుగా చూపిస్తాయి. దాంతో ఆటగాడు నేర్చుకునే యుక్తులు కూడా ఆ కచ్చితత్వం మీదే ఆధారపడతాయి.

ముందు గేములు సరిగ్గా చూపే విషయం ఒకటి చూద్దాం. మన రాడార్‌కు శత్రువు కనిపించకముందే శత్రువు ఆర్‌డబ్ల్యూఆర్‌కు మన సంగతి తెలిసిపోతుంది. కొత్తగా ఆడేవాళ్లు ఇది అన్యాయం అనుకుంటారు. కానీ ఇది పక్కా భౌతికశాస్త్రం. రాత్రిపూట చేపల బోటు మీద వస్తున్నవాళ్లకు డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు చాలా దూరం నుంచే కనబడుతుంది. అదే వెలుగు బోటు మీద పడి, తిరిగి కొండ మీదికి వచ్చి, అక్కడున్న మనిషికి బోటును చూపించాలంటే మాత్రం బోటు బాగా దగ్గరికి రావాలి. రాడార్‌దీ అదే కథ. తరంగం వెళ్లేటప్పుడు దూరం వర్గానికి విలోమంగా బలహీనపడుతుంది, విమానానికి తగిలి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అంతే బలహీనపడుతుంది. మొత్తం మీద రాడార్‌కు అందే ప్రతిధ్వని దూరం నాలుగో ఘాతానికి విలోమం. ఆర్‌డబ్ల్యూఆర్ వినేది ఒకవైపు ప్రయాణం మాత్రమే కాబట్టి దానికి వర్గం చాలు.

ఈ నాలుగో ఘాతం వల్ల వచ్చే ఫలితాలు మొదటిసారి చూసినవాళ్లకు వింతగా ఉంటాయి. రాడార్ శక్తిని రెట్టింపు చేస్తే దూరం పెరిగేది 19 శాతమే. విమానం రాడార్ అడ్డుకోతను, అంటే రాడార్ కంటికి అది ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్న కొలతను, పదో వంతుకు తగ్గించినా అది కనబడే దూరం దాదాపు 56 శాతానికి తగ్గుతుందే తప్ప పదో వంతుకు పడిపోదు. స్టెల్త్ అంటే మాయమైపోవడం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. నిజంగా పనికొచ్చే స్టెల్త్ కావాలంటే ఆ కొలత వందల, వేల వంతులకు తగ్గాలి. ఈ సూత్రం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. అందుకే గేము తయారుచేసేవాళ్లు కూడా దీన్ని బాగానే పట్టుకున్నారు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. చాలా గేముల్లో రాడార్ ఒక గీత గీసినట్టు పనిచేస్తుంది. ఫలానా విమానం 70 కిలోమీటర్లలో కనబడుతుందంటే 71 దగ్గర ఏమీ ఉండదు, 69 దగ్గర తప్పకుండా ఉంటుంది. నిజంలో అలాంటి గీత లేదు. రాడార్ ప్రతి క్షణం తన రిసీవర్‌లోని ఎలక్ట్రానిక్ రొదతో పోరాడుతుంటుంది. ప్రతిధ్వని ఆ రొదను దాటిందా లేదా అన్నది ప్రతి స్కాన్‌కూ మళ్లీ తేలాల్సిన విషయం. ఒక దూరంలో ఒక స్కాన్‌కు కనబడే అవకాశం సగం అనుకుందాం. మూడు స్కాన్లలో కనీసం ఒకసారైనా కనబడే అవకాశం 87.5 శాతం. వినడానికి బాగుంది. కానీ ఒకసారి మెరిసి తర్వాతి స్కాన్‌లో మాయమైన చుక్కను పైలట్ నమ్మాలా వద్దా? పైగా విమానం కొద్ది డిగ్రీలు తిరిగినా దాని నుంచి వచ్చే ప్రతిధ్వని ఎన్నో రెట్లు పెరగొచ్చు, తగ్గొచ్చు. రెక్క అంచు, ఇంజిన్ ముందుభాగం, తోక ఇలా ఒక్కో భాగం నుంచి తిరిగొచ్చే తరంగాలు కలిసి ఒకసారి బలపడతాయి, ఒకసారి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. విమానం మొత్తానికీ ఒకే అంకె పెట్టి సరిపెట్టే గేములో ఈ మిణుకు ఉండదు.

దీనికి స్కాన్ సమయం తోడవుతుంది. బీమ్ వెడల్పు సుమారు 3 డిగ్రీలు, తిరిగే వేగం సెకనుకు 60 డిగ్రీలు అనుకోండి. 120 డిగ్రీల వెడల్పును నాలుగు వరసల్లో వెతకాలంటే 8 సెకన్లు పడుతుంది. ఒక వరసలో బీమ్ ఒక విమానం మీద నిలిచేది సెకనులో ఇరవయ్యో వంతు. ఎదురెదురుగా సెకనుకు 600 మీటర్ల వేగంతో దగ్గరవుతున్న రెండు విమానాలు ఆ 8 సెకన్లలో దాదాపు 5 కిలోమీటర్లు దగ్గరైపోతాయి. తెర మీది చుక్క పాతబడ్డ వార్త అన్న ఎరుక పైలట్‌కు ఎప్పుడూ ఉండాలి. ఈ విషయంలో డీసీఎస్, ఫాల్కన్ బీఎమ్‌ఎస్ లాంటివి బాగానే శ్రద్ధ తీసుకున్నాయి. వెతికే వెడల్పు తగ్గిస్తే చుక్క త్వరగా తాజా అవుతుందని వాటిలో ఆడినవాళ్లకు చేతి అలవాటుగా తెలుసు.

ఇప్పుడు ఆటగాళ్లు ఎక్కువగా మాట్లాడుకునే నాచ్ సంగతి. నా ఉద్దేశంలో గేముకూ నిజానికీ మధ్య తేడా అన్నిటికంటే స్పష్టంగా బయటపడేది ఇక్కడే.

పల్స్ డాప్లర్ రాడార్ కిందికి చూసినప్పుడు నేల నుంచి, సముద్రం నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని విమానం నుంచి వచ్చేదానికంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. దీన్నే క్లటర్ అంటారు. రాడార్ ఈ రెండింటినీ వేగంతో వేరు చేస్తుంది. 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. సెకనుకు 300 మీటర్ల వేగంతో దగ్గరవుతున్న లక్ష్యం పౌనఃపున్యంలో 20 కిలోహెర్ట్జ్ మార్పు తెస్తుంది. కదలని నేల ఎంత మార్పు తేవాలో రాడార్ తన సొంత వేగాన్ని బట్టి లెక్కకట్టి, ఆ వేగానికి అటూ ఇటూ ఉన్నదంతా వడకట్టి పారేస్తుంది. మనం రాడార్ చూపుకు సరిగ్గా అడ్డంగా ఎగిరితే దానికి దగ్గరా కావడం లేదు, దూరమూ కావడం లేదు. అప్పుడు మన ప్రతిధ్వని కూడా నేల ప్రతిధ్వనితో కలిసి ఆ వడపోతలో పోతుంది. నాచ్ అంటే ఇదే.

సిద్ధాంతం సరే. అడ్డంగా ఎగరాలంటే శత్రువు ఏ దిక్కున ఉన్నాడో తెలియాలి. గేములో ఆర్‌డబ్ల్యూఆర్ మీద గుర్తును సరిగ్గా మూడు గంటల దిక్కుకో తొమ్మిది గంటల దిక్కుకో తెచ్చుకుంటే పని అయిపోతుంది. నిజమైన పాతతరం ఆర్‌డబ్ల్యూఆర్‌లు విమానం నాలుగు మూలల్లో ఉన్న యాంటెన్నాల్లో దేనికి ఎంత బలంగా వినబడిందో పోల్చి దిక్కు చెబుతాయి. ఆ పద్ధతిలో 10, 15 డిగ్రీల తప్పు మామూలే. సెకనుకు 250 మీటర్ల వేగంతో ఎగిరే విమానం 10 డిగ్రీలు తప్పి అడ్డం తిరిగితే, రాడార్ వైపు దాని వేగం సున్నాకు బదులు సుమారు 43 మీటర్లు అవుతుంది. 15 డిగ్రీలైతే 65 మీటర్లు.

ఇక రాడార్ వైపు నుంచి చూద్దాం. డీసీఎస్‌లో హీట్‌బ్లర్ సంస్థ చేసిన ఎఫ్-14లోని ఏడబ్ల్యూజీ-9 రాడార్ పారేసే వేగాల పట్టీ అటూ ఇటూ 133 నాట్లు, అంటే సెకనుకు దాదాపు 68 మీటర్లు. అది 1970ల రాడార్. దాని ముందు 15 డిగ్రీల తప్పుతో కూడా మనం అంచున దాక్కోగలం. పట్టీ 30 మీటర్లే ఉన్న కొత్త రాడార్ ఒకటి ఎదురైందనుకోండి. అప్పుడు మనకు దొరికే వెసులుబాటు అటూ ఇటూ 7 డిగ్రీలు. మన పరికరం తప్పే అంతకంటే ఎక్కువ. అంటే నాచ్‌లో ఉన్నామో లేదో మనకు తెలిసే దారే లేదు. గేములో యుక్తిగా ఆడేది అక్కడ జూదంగా మారుతుంది. పైగా రాడార్ మనకంటే కింద ఉండి ఆకాశం వైపు చూస్తుంటే మన వెనక నేల ఉండదు. అలాంటప్పుడు క్లటర్ వడపోతనే తీసేయొచ్చు. ఏడబ్ల్యూజీ-9కు అందుకోసం స్విచ్చే ఉంది. ఎత్తు నుంచి నాచ్ చేసి మిసైల్ తప్పించుకున్నామని సంబరపడేవాళ్లు తమ గేము ఈ తేడా చూస్తుందో లేదో ఒకసారి పరీక్షించుకోవాలి.

ఆ గుండ్రటి తెర గురించి ఇంకొన్ని అపోహలున్నాయి. మధ్యకు దగ్గరగా ఉన్న గుర్తు అంటే దగ్గరగా ఉన్న శత్రువు అనుకుంటారు. అది దూరం కొలత కాదు, సంకేతం బలాన్నో ముప్పు తీవ్రతనో చూపుతుంది. దూరంగా ఉన్న బలమైన రాడార్, దగ్గరగా ఉన్న చిన్న రాడార్ ఒకేచోట కనబడొచ్చు. అది శత్రువు ఎత్తు కూడా చెప్పదు. యాంటెన్నాలు విమానం ఒంటికి అతుక్కుని ఉంటాయి కాబట్టి పక్కకు 90 డిగ్రీలు ఒరిగి తిరుగుతున్నప్పుడు అది చూపే దిక్కుకు అర్థం చాలావరకు పోతుంది. మిసైల్ తప్పించుకోవడానికి గట్టిగా ఒరిగేది సరిగ్గా ఆ సమయంలోనే.

రష్యన్ ఎస్‌పీఓ-15 బెర్యోజాను చూస్తే ఈ అస్పష్టత కళ్లకు కడుతుంది. అందులో తెర లేదు, దీపాలే. ముందువైపు ఒక్కో పక్కన 10, 30, 50, 90 డిగ్రీల దగ్గర దీపాలు, వెనకవైపు ఎడమా కుడీ అని చెప్పే దీపాలు రెండు. రాడార్ రకం చెప్పడానికి ఆరు దీపాలు. విమానమా, దూరం కొట్టే భూతల క్షిపణా, దగ్గరిదా అన్నంత వరకే వాటికి తెలుసు. అమెరికన్ తెరల మీద రకం పేరు వస్తుంది కాబట్టి అవి మరీ తెలివైనవి అనిపిస్తాయి. కానీ డీసీఎస్ ఎఫ్-15సీలో సు-27 రాడార్ పడినా తెర మీద వచ్చేది మిగ్-29ను సూచించే 29 అనే గుర్తే. ఈ రెండు విమానాల రాడార్లు ఒకే కుటుంబానివి కాబట్టి ఇలా తికమకపడటం సహజమే. గేములో ఇలాంటి అయోమయం ఇంకా ఎక్కువ ఉండాలని నా కోరిక. ఆర్‌డబ్ల్యూఆర్ ఎవరినీ చూడదు. విన్న సంకేతాన్ని తన దగ్గరున్న జాబితాతో పోల్చుకుంటుంది. జాబితాలో లేనిదాన్ని ఏమని పిలవాలో దానికి తెలియదు. అసలు వినలేని బ్యాండ్‌లో వచ్చినదైతే వచ్చిందన్న సంగతే తెలియదు.

ఇది ప్రాణాలు తీసిన సమస్య. 1973 అక్టోబరు యుద్ధంలో ఇజ్రాయెల్ విమానాల హెచ్చరిక పరికరాలు శామ్-6 క్షిపణులను నడిపించే నిరంతర తరంగ సంకేతాన్ని పట్టుకోలేకపోయాయి. కాక్‌పిట్ నిశ్శబ్దంగా ఉండగానే క్షిపణులు వచ్చి తగిలాయి. అంతకు 30 ఏళ్ల ముందు సముద్రం మీద ఇదే జరిగింది. జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ విమానాల రాడార్‌ను పసిగట్టడానికి 1942 నుంచి మెటాక్స్ అనే రిసీవర్ వాడాయి. అది మీటరు పైబడిన తరంగాలనే వినేది. 1943లో బ్రిటిష్ వాళ్లు 10 సెంటీమీటర్ల రాడార్‌కు మారగానే మెటాక్స్ మూగబోయింది. దాడులు ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థంకాక, మెటాక్స్ నుంచి వెలువడే తరంగాలే తమను పట్టిస్తున్నాయని అనుమానించి జర్మన్లు చివరికి దాని వాడకాన్నే ఆపేశారు.

మన బీచ్ రోడ్డులో ఈ వేటకు సంబంధించిన రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఒకవైపు 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కుర్సురా. రోడ్డుకు అటువైపు 1988 నుంచి 2017 దాకా మన నేవీ ఎగరేసిన రకానికి చెందిన టీయూ-142. ఒకటి సముద్రం మీద తల ఎత్తితే ఎవరి రాడార్ తన మీద పడుతుందో చెవి ఒగ్గి వినాల్సిన నౌక, రెండోది రాడార్‌తో సముద్రాన్ని గాలించే విమానం. గేమర్లు ఈ రెండు మ్యూజియాలనూ ఒకే సాయంత్రం చూడాలని చెబుతుంటాను. తన రాడార్ వెయ్యాలా వద్దా అన్నది ఎంత పెద్ద నిర్ణయమో అక్కడ నిలబడి ఆలోచిస్తే బాగా తలకెక్కుతుంది.

ఇక మిసైల్ హెచ్చరిక. ఏస్ కంబాట్ లాంటి ఆర్కేడ్ గేముల్లో ఏ మిసైల్ వచ్చినా అలారం మోగుతుంది. వాటి లక్ష్యం వేరు కాబట్టి వాటిని తప్పుపట్టను. ఆర్‌డబ్ల్యూఆర్ మిసైల్‌ను వినదు, రాడార్‌ను వింటుంది. వేడిని వెంటాడే మిసైల్‌కు రాడార్ లేదు, కాబట్టి దాని గురించి ఆర్‌డబ్ల్యూఆర్‌లో చప్పుడే ఉండకూడదు. దాన్ని పట్టడానికి అతినీలలోహిత, పరారుణ కిరణాలతో పనిచేసే వేరే పరికరాలున్నాయి. స్పారో లాంటి పాత మిసైల్‌ను నడపడానికి శత్రువు మన మీద నిరంతరం తరంగాలు పంపాలి, అందుకే దానికి స్పష్టమైన హెచ్చరిక దొరుకుతుంది. సొంత రాడార్ ఉన్న అమ్రామ్ మిసైల్‌ను శత్రువు మామూలుగా స్కాన్ చేస్తూనే వదిలితే, మనకు మొదట్లో వినబడేది మామూలు వెతుకులాట చప్పుడే. మిసైల్ దగ్గరికొచ్చి తన సొంత రాడార్ వేశాకే అలారం. ఈ వరసను మాత్రం డీసీఎస్ బాగా చూపిస్తుంది. ఆ ఆఖరి సెకన్ల టెన్షన్‌కు కారణం గ్రాఫిక్స్ కాదు, ఈ సరైన తర్కమే.

గేములు దాదాపు పట్టించుకోనిది వాతావరణాన్ని. కైలాసగిరి మీది వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ వాడే తరంగం సుమారు 10 సెంటీమీటర్లది. వానలో అది పెద్దగా బలహీనపడదు, అందుకే తుపాన్లను దూరం నుంచే చూడగలదు. ఫైటర్ రాడార్ వాడే 3 సెంటీమీటర్ల తరంగానికి జోరువాన పెద్ద అడ్డంకి. వాన దాని శక్తిని మింగేస్తుంది, పైగా సొంత ప్రతిధ్వని పంపుతుంది. వాతావరణ రాడార్‌కు ఏది సమాచారమో ఫైటర్‌కు అది క్లటర్. బంగాళాఖాతం లాంటి వెచ్చటి సముద్రం మీద ఇంకో సంగతి ఉంది. నీటిని ఆనుకుని ఉండే తేమ పొర తరంగాలను వంచి, అవి మామూలుగా ఆగాల్సిన దూరాన్ని దాటించేస్తుంది. 25 మీటర్ల ఎత్తున్న ఓడ రాడార్‌కు 100 మీటర్ల ఎత్తున వచ్చే విమానం లెక్కప్రకారం సుమారు 62 కిలోమీటర్ల దగ్గర క్షితిజం దాటి కనబడాలి. ఈ పొర ఉన్న రోజు ఆ లెక్క తప్పుతుంది. సముద్రాన్ని నల్లటి చాపలా పరిచి పెట్టే గేముల్లో ఈ తేడా ఎప్పుడూ కనబడదు.

ఇవన్నీ ఎందుకు పెట్టరు? ప్రతి పల్స్‌నూ లెక్కకట్టాలంటే కంప్యూటర్ మీద భారం పడుతుంది. రెండో కారణం రహస్యం. ఏ ఆర్‌డబ్ల్యూఆర్ జాబితాలో ఏమున్నాయో, ఏ రాడార్ పట్టీ ఎంతో చెప్పే పత్రాలు బయటికి రావు, రాకూడదు. 2021లో ఒక వార్ థండర్ ఆటగాడు వాదనలో గెలవడానికి చాలెంజర్ 2 ట్యాంకు పత్రం పేజీలు బయటపెట్టిన సంగతి తెలిసిందే. ఇది నేవీ కుటుంబాలున్న ఊరు. ఇంట్లో యూనిఫాం వేసుకునే నాన్ననో మావయ్యనో గేము కోసం ఇలాంటివి అడగొద్దని నేను గట్టిగా చెబుతాను. పైగా అవసరం కూడా లేదు. తప్పు 10 డిగ్రీలని చూపడానికీ, గుర్తు అప్పుడప్పుడు తారుమారు చేయడానికీ రహస్యాలు అక్కర్లేదు, పాఠ్యపుస్తకం చాలు. తెలియని అంకె చోట ఒక కచ్చితమైన అంకె పెట్టడం కంటే ఒక వెడల్పు పెట్టడమే నిజాయతీ.

2025 జనవరిలో డీసీఎస్‌కు ఎఫ్-35ఏ తెస్తున్నామని ఈగిల్ డైనమిక్స్ ప్రకటించినప్పుడు చర్చంతా దాని స్టెల్త్ చుట్టూ తిరిగింది. నాకైతే దాని రాడార్ గురించే ఎక్కువ అనుమానం. యాంటెన్నాను కదపకుండా బీమ్‌ను ఎలక్ట్రానిక్‌గా తిప్పే ఏఈఎస్ఏ రాడార్లు పౌనఃపున్యాన్ని వేగంగా మారుస్తూ, శక్తిని పరిచి పంపుతూ పాత ఆర్‌డబ్ల్యూఆర్‌లకు రొదలా వినబడేలా పనిచేయగలవు. వ్యాసం మొదట్లో చెప్పిన లైట్‌హౌస్ లెక్క, అంటే వినేవాడికి ఉండే సహజమైన ఆధిక్యం, అక్కడ చాలావరకు కరిగిపోతుంది. ఎంత కరుగుతుందన్నది రహస్యం. ఆ అంకె గేములో ఏం పెట్టినా అది తయారీదారు ఊహే అవుతుంది, కొన్న ఆటగాడికి ఆ మాట ముందే చెప్పాలి.

మీ గేము ఏపాటిదో తేల్చుకోవడానికి మిషన్ ఎడిటర్ చాలు. ఒకే శత్రు విమానాన్ని ఒకసారి మీకంటే 5 కిలోమీటర్లు పైన, ఇంకోసారి 5 కిలోమీటర్లు కింద పెట్టి, రెండుసార్లూ మీ రాడార్‌కు అడ్డంగా ఎగిరేలా దారి గీయండి. రెండుసార్లూ ఒకేలా మాయమైతే క్లటర్‌ను ఆ గేము లెక్కపెట్టడం లేదు. తర్వాత మీరే లక్ష్యంగా మారి, నేల మీది ఒక రాడార్ మీ మీద లాక్ పెట్టేలా చూసుకుని, 80 డిగ్రీలు ఒరిగి గట్టిగా తిరగండి. ఆర్‌డబ్ల్యూఆర్ మీది గుర్తు ఆ మలుపంతా కదలకుండా సరైన దిక్కునే చూపిస్తోందేమో గమనించండి.